పాత కారు, కుర్ర డ్రైవరు, లైసెన్సు మీద పాయింట్లు: బ్రిటన్‌లో క్లాసిక్ కారు బీమా లెక్క

1972 నాటి ఎంజీబీ కారు. 1798 సీసీ ఇంజను, ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ బ్రేకులు లేవు. దాన్ని యాభై ఏళ్ల మనిషి కొంటే బ్రిటన్‌లో బీమా చవగ్గా దొరుకుతుంది. చాలాసార్లు తన రోజువారీ కారుకు కట్టేదానికన్నా తక్కువే అవుతుంది. అదే కారును 22 ఏళ్ల కుర్రాడు కొని, లైసెన్సు మీద స్పీడింగ్ పాయింట్లు, అంటే వేగం మించినందుకు శిక్షగా రికార్డుకెక్కే అంకెలు, ఉన్నాయని చెబితే కొన్ని కంపెనీలు కొటేషన్ కూడా ఇవ్వవు. ఇచ్చినచోట ఆ అంకె చూశాక కారు మీద మోజు సగం తగ్గిపోతుంది.

ఇక్కడ మూడు ముడులు ఒకదానిలో ఒకటి పడిపోయి ఉన్నాయి. పాత కారుకు కంపెనీ ప్రీమియం ఎలా లెక్కగడుతుందన్నది ఒకటి. లైసెన్సు మీద పడిన నేరం ఎన్నేళ్లు వెంటాడుతుందన్నది రెండోది. కంపెనీకి ఏది చెప్పాలి, ఎప్పటిదాకా చెప్పాలన్నది మూడోది. జనం ఎక్కువగా పొరబడేది రెండో ముడి దగ్గర.

## చవకదనం కారుది కాదు, వాడకానిది

1988 రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి మోటారు వాహనానికీ కనీసం థర్డ్ పార్టీ బీమా ఉండాలి. అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి పూచీ. కారు వయసు అరవై ఏళ్లయినా ఇందులో మినహాయింపు లేదు. దీనిపైన అగ్నిప్రమాదం, దొంగతనం కలిపిన పాలసీ ఒక మెట్టు, మన కారు నష్టానికి కూడా చెల్లించే కాంప్రహెన్సివ్ పాలసీ ఇంకో మెట్టు.

క్లాసిక్ పాలసీలో ఉండేదీ ఇదే పూచీ, అయితే కొన్ని షరతుల మీద నిలబడి ఉంటుంది. ఏడాదికి ఇన్ని మైళ్లే తిప్పాలి. 1,500, 3,000, 5,000 మైళ్ల శ్లాబులు మామూలు. రాత్రిపూట గ్యారేజీలో పెట్టాలి. రోజూ తిరగడానికి యజమాని పేరున ఇంకో కారు ఉండాలి. డ్రైవరుకు చాలాచోట్ల 25 ఏళ్లు నిండాలి, లైసెన్సు శుభ్రంగా ఉండాలి. ఈ షరతులన్నీ కలిపి చదివితే కంపెనీ మనసులో ఉన్న మనిషి కళ్లముందు కనిపిస్తాడు. ఎండ కాసిన ఆదివారం కారు బయటికి తీసి, గీత పడకుండా తిప్పుకుని, మళ్లీ గ్యారేజీలో పెట్టి గుడ్డ కప్పేవాడు. కంపెనీ తక్కువ ప్రీమియం వేసేది ఆ మనిషి అలవాటుకే, కారు వయసుకు కాదు.

కుర్ర డ్రైవరు ఈ చిత్రంలో ఇమడడు. అతనికి చాలాసార్లు ఉన్నది ఆ ఒక్క కారే. గ్యారేజీ ఉండదు, కారు వీధిలోనే నిలుస్తుంది. కాలేజీకీ ఉద్యోగానికీ అందులోనే వెళ్లాలి. మామూలు క్లాసిక్ పాలసీలో ఇల్లు, విహారం, సొంత పనుల వాడకం మాత్రమే ఉంటుంది. పనిచేసే చోటికో చదువుకునే చోటికో రోజూ వెళ్లడాన్ని వేరుగా అడిగి చేర్పించుకోవాలి, లేదా అసలు ఇవ్వరు. వీటన్నిటి పైన పాయింట్లు కూడా ఉంటే, జాగ్రత్తగల యజమాని అన్న ఊహకు ఎదురు సాక్ష్యం రికార్డులోనే దొరికినట్టు అవుతుంది.

## ‘క్లాసిక్’ అంటే ఎవరి లెక్కలో

ప్రభుత్వ లెక్క వేరు, కంపెనీల లెక్క వేరు. ప్రభుత్వం దృష్టిలో 40 ఏళ్లు దాటింది ‘చారిత్రక వాహనం’. దానికి రోడ్డు పన్ను సున్నా, అయినా ఏటా పన్ను నమోదు మాత్రం చేయాలి. 2018 మే 20 నుంచి, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేయకపోతే, ఎంఓటీ అనే వార్షిక ఫిట్‌నెస్ పరీక్ష కూడా అక్కర్లేదు. బీమా కంపెనీలు మాత్రం పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన కార్లను కూడా క్లాసిక్‌గా తీసుకుంటాయి, కంపెనీని బట్టి గీత మారుతుంది. కాబట్టి 1998 నాటి మినీకి పన్ను మినహాయింపు లేకపోయినా క్లాసిక్ పాలసీ దొరకవచ్చు.

ఎంఓటీ అక్కర్లేదంటే కారు ఎలా ఉన్నా ఫర్వాలేదని కాదు. ఇది కుర్ర డ్రైవరుకు నేరుగా తగిలే విషయం. టైరు ట్రెడ్ (గాళ్ల లోతు) మధ్య ముప్పావు వెడల్పులో 1.6 మిల్లీమీటర్లకన్నా తక్కువైతే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, మూడు పాయింట్లు. లైసెన్సు మీద దీని కోడ్ సీయూ30. బ్రేకుల లోపానికి సీయూ10. నిలిపి ఉంచిన పాత కారును అలాగే రోడ్డెక్కిస్తే కారే డ్రైవరుకు పాయింట్లు తెచ్చిపెడుతుంది.

## కోడ్‌లు ఏం చెబుతాయి

బ్రిటన్‌లో ట్రాఫిక్ నేరం లైసెన్సు రికార్డులోకి ఒక కోడ్‌గా, కొన్ని పాయింట్లతో ఎక్కుతుంది. ఎస్‌పీ30 అంటే ప్రజా రహదారి మీద వేగపరిమితి దాటడం, 3 నుంచి 6 పాయింట్లు. టీఎస్10 ట్రాఫిక్ లైటును పాటించకపోవడం, 3 పాయింట్లు. సీయూ80 చేతిలో ఫోను పట్టుకుని నడపడం, 2017 మార్చి నుంచి 6 పాయింట్లు. ఐఎన్10 బీమా లేకుండా నడపడం, 6 నుంచి 8. డీఆర్10 తాగి నడపడం. దీనికి కనీసం 12 నెలల నిషేధం కూడా పడుతుంది.

బీమా కంపెనీ పాయింట్ల మొత్తం కన్నా కోడ్‌ను, సంఖ్యను, తేదీని ఎక్కువ పట్టించుకుంటుంది. ఎప్పుడో ఒక ఎస్‌పీ30 పడిందంటే చాలామంది అండర్‌రైటర్లు, అంటే కంపెనీలో ముప్పు తూచి ధర నిర్ణయించేవారు, సర్దుకుంటారు. రెండేళ్లలో మూడు ఎస్‌పీ30లు పడితే దాన్ని అలవాటుగా చదువుతారు. ఐఎన్10 వేగానికి సంబంధించింది కాకపోయినా చాలా బరువైనది, ఎందుకంటే బీమానే లెక్కచేయని మనిషి అన్న ముద్ర అది వేస్తుంది. డీఆర్10 ఉంటే క్లాసిక్ పాలసీల తలుపులు చాలావరకు మూసుకుపోతాయి.

స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఈ జాబితాలోకి రాదు. స్వల్పంగా వేగం దాటినవారికి పోలీసులు ఇచ్చే అవకాశం ఇది. కోర్సు పూర్తిచేస్తే పాయింట్లు పడవు, అది నేరనిర్ధారణ కాదు. మూడేళ్లలో ఒక్కసారే ఇస్తారు. కంపెనీ ‘నేరాలు ఉన్నాయా’ అని మాత్రమే అడిగితే కోర్సును చెప్పనక్కర్లేదు. ‘కోర్సుకు వెళ్లారా’ అని నేరుగా అడిగితే మాత్రం నిజమే చెప్పాలి.

## ఒక తప్పు, మూడు గడువులు

అసలు గందరగోళం ఇక్కడే. ‘నా పాయింట్లు పోయాయి’ అన్న మాటకు కనీసం మూడు అర్థాలు ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఒక యువకుడు 2024 మార్చి 10న, 30 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 38 మైళ్ల వేగంతో కెమెరాకు చిక్కాడు. అంతకుముందు ఏడాదే కోర్సుకు వెళ్లి ఉన్నాడు కాబట్టి ఈసారి అది దొరకలేదు. 100 పౌండ్ల జరిమానా, 3 పాయింట్లు ఒప్పుకున్నాడు.

మొదటి గడువు మూడేళ్లు. మూడేళ్ల వ్యవధిలో 12 పాయింట్లు పోగైతే మామూలుగా కనీసం ఆరు నెలల నిషేధం పడుతుంది. ఈ 3 పాయింట్లు ఆ కూడికలో 2027 మార్చి 10 దాకా ఉంటాయి. చాలామంది ఈ తేదీనే ముగింపు అనుకుంటారు.

రెండో గడువు నాలుగేళ్లు. ఎస్‌పీ30 డ్రైవరు రికార్డులో నేరం తేదీ నుంచి నాలుగేళ్లు కనిపిస్తుంది, అంటే 2028 మార్చి 10 దాకా. ఆ తర్వాత డ్రైవర్ల, వాహనాల రికార్డులు ఉంచే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ వెబ్‌సైట్‌లో లైసెన్సు వివరాలు తెరిస్తే ఖాళీగా ఉంటుంది.

మూడో గడువు ఐదేళ్లు. 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం కింద లైసెన్సు ఎండార్స్‌మెంట్‌కు, అంటే ఇలా రికార్డుకెక్కిన కోడ్‌కు, పెద్దవారికి ఐదేళ్ల కాలం ఉంటుంది. 18 ఏళ్ల లోపు వయసులో పడితే రెండున్నరేళ్లు. ఆ కాలం తీరితే నేరం ‘గడిచిపోయినట్టు’, కంపెనీ అడిగినా చెప్పనక్కర్లేదు. తీరకముందు అడిగితే చెప్పాలి. మన ఉదాహరణలో ఇది 2029 మార్చి దాకా నడుస్తుంది.

అంటే 2028 మార్చి నుంచి 2029 మార్చి దాకా ఒక విచిత్రమైన ఏడాది ఉంటుంది. రికార్డులో ఏమీ కనిపించదు, కానీ ‘గత ఐదేళ్లలో నేరాలు ఉన్నాయా’ అన్న కంపెనీ ప్రశ్నకు అవును అనే రాయాలి. రికార్డు ఖాళీగా ఉంది కదా అని లేదు అని రాస్తే అది తప్పుడు సమాధానమే.

డీఆర్10 విషయంలో ఇది తలకిందులవుతుంది. అది రికార్డులో 11 ఏళ్లు ఉంటుంది. కానీ జైలు శిక్ష లేకుండా, నిషేధం ఐదేళ్లకు మించకుండా ఉంటే, బీమా ప్రశ్నకు సంబంధించినంతవరకు ఐదేళ్లతో గడిచిపోతుంది. రికార్డులో ఇంకా కనిపిస్తోంది కదా అని ఏడో ఏట కూడా బీమా ఫారంలో రాసి, అనవసరంగా ఎక్కువ ప్రీమియం కట్టేవారున్నారు.

## కొత్త లైసెన్సు మొదటి రెండేళ్లు

1995 కొత్త డ్రైవర్ల చట్టం ప్రకారం పరీక్ష పాసైన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు చేరితే లైసెన్సు రద్దవుతుంది. పన్నెండు కాదు, ఆరు. చేతిలో ఫోను పట్టుకుని ఒక్కసారి దొరికినా ఆరూ ఒకేసారి పడతాయి. మళ్లీ లెర్నర్ లైసెన్సు తీసుకుని థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాలి. లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన తేదీ. కేసు రెండేళ్లు దాటాక తేలినా తప్పించుకోలేరు. మళ్లీ పాసైనా పాత పాయింట్లు, పాత కోడ్ అలాగే ఉంటాయి.

బీమాకు దీనివల్ల రెండు దెబ్బలు. లైసెన్సు వయసు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతామనే కంపెనీలుంటాయి. రద్దయిన సంగతి చెప్పకుండా పాత పాలసీ మీదే ఒంటరిగా నడిపితే, ఆ పాలసీ పూర్తి లైసెన్సు ఉన్న మనిషికి ఇచ్చింది కాబట్టి, ఐఎన్10 కూడా వచ్చి చేరే ప్రమాదం ఉంది.

## అడిగినదానికి సరిగా చెప్పడం

2013 ఏప్రిల్‌కు ముందు వినియోగదారు మీద భారం ఎక్కువ. కంపెనీ అడగకపోయినా ముఖ్యమైనవన్నీ తనంతట తానే చెప్పాలి. 2012లో చేసిన వినియోగదారుల బీమా చట్టం దీన్ని మార్చింది. ఇప్పుడు అడిగిన ప్రశ్నలకు తగిన జాగ్రత్తతో నిజం చెబితే చాలు. తప్పు చెబితే ఏమవుతుందన్నది ఆ తప్పు తెలిసి చెప్పిందా, అజాగ్రత్త వల్ల జరిగిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

లెక్కగా చూద్దాం, అంకెలు ఊహించినవి. తేదీలో పొరబడి ఒకరు ఎస్‌పీ30 రాయలేదు. కంపెనీ 450 పౌండ్ల ప్రీమియం తీసుకుంది. నిజం తెలిసి ఉంటే 750 తీసుకునేది. ప్రమాదం జరిగి 8,000 పౌండ్ల క్లెయిమ్ వచ్చింది. కట్టింది కట్టవలసినదాంట్లో 60 శాతం కాబట్టి క్లెయిమ్‌లో కూడా 60 శాతం, అంటే 4,800 పౌండ్లే ఇస్తారు. నిజం తెలిస్తే అసలు పాలసీనే ఇచ్చేవాళ్లం కాదని కంపెనీ చూపగలిగితే క్లెయిమ్ మొత్తం తిరస్కరించి ప్రీమియం వెనక్కి ఇవ్వవచ్చు. కనీస వయసు, శుభ్రమైన లైసెన్సు లాంటి గట్టి షరతులుండే క్లాసిక్ పాలసీల్లో ఈ ముప్పు ఎక్కువ. తెలిసే అబద్ధం చెప్పారని తేలితే పాలసీని మొదటి నుంచీ లేనట్టు రద్దు చేస్తారు, ప్రీమియం కూడా ఉంచుకోవచ్చు. ఎదుటి బాధితుడికి కంపెనీ చెల్లించవలసి వచ్చినా ఆ సొమ్ము తర్వాత పాలసీదారు నుంచి రాబట్టుకునే హక్కు దానికి ఉంటుంది.

పట్టుబడే అవకాశం తక్కువేమీ కాదు. ఫారంలో లైసెన్సు నంబరు ఇవ్వగానే డీవీఎల్ఏ రికార్డుతో సరిచూసే ఏర్పాటు కంపెనీలకు ఉంది. పైగా ‘మీ బీమాను ఎవరైనా ఎప్పుడైనా రద్దు చేశారా’ అన్న ప్రశ్నకు చాలా ఫారాల్లో కాలపరిమితి ఉండదు. ఎస్‌పీ30 ఐదేళ్లతో పోతుంది. దాన్ని దాచినందుకు పడిన రద్దు మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం వెంటాడుతుంది.

ఇలాంటి తప్పుల్లోనే ఇంకొకటి ‘ఫ్రంటింగ్’. కారు నడిపేది కొడుకు, పాలసీలో ప్రధాన డ్రైవరుగా తండ్రి పేరు. దీన్ని మోసంగానే చూస్తారు. అయితే కారు నిజంగా తండ్రిదే అయి, ఎక్కువగా ఆయనే నడుపుతూ, కొడుకు అప్పుడప్పుడు తీస్తుంటే అదనపు డ్రైవరుగా చేర్చడం పూర్తిగా సక్రమం. ఆ కొడుకు పాయింట్లు మాత్రం ఫారంలో చెప్పాల్సిందే.

## ముందే ఒప్పుకున్న విలువ

క్లాసిక్ పాలసీకి ఎగబడేది చవక కోసమే కాదు. కారు పూర్తిగా పాడైతే ఎంత ఇస్తారన్నది ముందే ఖాయం చేసుకునే వీలుంది. మామూలు పాలసీ ప్రమాదం నాటి మార్కెట్ ధర ఇస్తుంది. యాభై ఏళ్ల కారుకు మార్కెట్ ధర అనేదే తగువు, ఎందుకంటే ఒకే ఏడాది తయారైన రెండు ఎంజీబీల్లో ఒకటి తుప్పుకుప్ప, ఇంకొకటి ముత్యంలా ఉండవచ్చు.

యజమాని 9,000 అంటాడు, సర్వేయరు 5,500 అంటాడు అనుకుందాం. ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం భరించే మొదటి వాటా, 350 పౌండ్లు. మార్కెట్ ధర పాలసీలో చేతికి వచ్చేది 5,150. విలువ ముందే 9,000గా ఖాయమై ఉంటే 8,650. కుర్ర డ్రైవర్లకు దీనిమీద వయసు ఎక్సెస్ అని ఇంకో మొత్తం కలుపుతారు. కొటేషన్ మొదటి పేజీలో కాకుండా షరతుల్లో ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని చూడరు.

విలువ ఖాయం చేయడానికి కంపెనీలు ఫొటోలు అడుగుతాయి: నాలుగు వైపులా కారు, ఇంజను, లోపలి సీట్లు, మైళ్ల మీటరు, ఛాసిస్ నంబరు పలక. తెలిసినవాడి చూపు వీటిలో తలుపు కింది సిల్ దగ్గర ఆగుతుంది. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, సిల్‌లే బాడీ బరువును మోస్తాయి. లోపల తుప్పు తిన్న సిల్ మీద ఫిల్లరు పూసి రంగు వేస్తే ఫొటోలో తళతళలాడుతుంది. ఫిల్లరు మందంగా ఉన్నచోట చిన్న అయస్కాంతం పెడితే అంటుకోదు, జారి కింద పడుతుంది. అలాంటి కారుకు 9,000 విలువ రాయించుకుంటే క్లెయిమ్ నాడు సర్వేయరు ఆ సిల్ విప్పి చూపిస్తాడు. విలువ ఖాయం చేసిన పత్రానికి గడువు కూడా ఉంటుంది. అది దాటితే పాలసీ చడీచప్పుడు లేకుండా మార్కెట్ ధరకు మారిపోవచ్చు.

## ఇది న్యాయమేనా

కంపెనీల వాదన సూటిగా ఉంటుంది. అనుభవం లేనివారు ఎక్కువ ప్రమాదాలు చేస్తారు. నేరం పడినవారిలో ఆ అవకాశం ఇంకా ఎక్కువ. కారులో ఎయిర్‌బ్యాగులు లేనందువల్ల పక్కన కూర్చున్నవారి గాయాల పరిహారం పెరుగుతుంది. 2010 సమానత్వ చట్టం కూడా వయసును బట్టి ధర కట్టడానికి ఆర్థిక సేవలకు మినహాయింపు ఇచ్చింది. ఆడా మగా తేడాను బట్టి వేరే ధర పెట్టడం మాత్రం 2012 డిసెంబరు 21 నుంచి కుదరదు. అబ్బాయి, అమ్మాయి అనకూడదు కానీ 21, 51 అనవచ్చన్న ఈ తేడా చాలామందికి మింగుడు పడదు.

అటువైపు వాదన క్లాసిక్ క్లబ్బుల నుంచి వస్తుంది. సొంత చేత్తో సిల్ వెల్డింగ్ చేసుకున్న కుర్రాడు ఆ కారును గోడకు కొట్టుకోడు. పైగా మోరిస్ మైనర్ లాంటి పాత కారు వేగమూ తక్కువే. యువత రాకపోతే ఈ కార్లను చూసుకునేవారే మిగలరు.

రెండింటిలోనూ బలం ఉంది. నాకు సమంజసం కాదనిపించేది ఒకటే: బీమా ధరలు పోల్చిచూపే వెబ్‌సైట్లలో ఒక ఎస్‌పీ30నూ ఒక డీఆర్10నూ ఒకే వలలో వేసి ‘25 ఏళ్ల లోపు, నేరం ఉంది’ అని పక్కన పెట్టేయడం. క్లాసిక్ బీమాలో ఎక్కువ భాగం ఇప్పటికీ బ్రోకర్ల ద్వారానే నడుస్తుంది. అక్కడ ఫోనులో ఒక మనిషి ఆ కోడ్, తేదీ, గ్యారేజీ, దొంగ చేతిలో ఇంజను స్టార్టవకుండా ఆపే ఇమ్మొబిలైజరు, క్లబ్బు సభ్యత్వం అన్నీ కలిపి అండర్‌రైటరు ముందు పెట్టగలడు. బ్రిటిష్ బీమా బ్రోకర్ల సంఘం, బీఐబీఏ, ఇలాంటి బ్రోకరును వెతికిపెట్టే సేవ నడుపుతోంది. వెబ్‌సైటు తిరస్కరించిన కేసులు ఇక్కడ ధర దాకా వస్తాయి. అయితే ధర తక్కువే ఉంటుందన్న హామీ లేదు. ప్రీమియం మీద 12 శాతం పన్ను ఎటూ తప్పదు.

## బోనస్ పెరగని పాలసీ

చాలా క్లాసిక్ పాలసీలు నో క్లెయిమ్ బోనస్‌ను పెంచవు. ధర ముందే తగ్గించి ఇచ్చాం కాబట్టి ఏడాదికేడాది తగ్గింపు వేరుగా లేదన్నది వాటి లెక్క. వయసు మీరినవారికి ఇది పట్టదు, వారి బోనస్ రోజువారీ కారు మీద ఎప్పుడో పోగై ఉంటుంది.

కుర్ర డ్రైవరుకు ఇదే పెద్ద తేడా తెస్తుంది. 2024 మార్చిలో ఎస్‌పీ30 పడిన మన యువకుడు ఎలాగో క్లాసిక్ పాలసీ సంపాదించి, ఐదేళ్లూ దానిమీదే నడిపాడనుకుందాం. 2029 మార్చికి అతని నేరం గడిచిపోతుంది, కానీ మామూలు కారుకు బీమా అడిగితే అతని బోనస్ సున్నా. అదే ఐదేళ్లూ చిన్న ఇంజను ఉన్న మామూలు కారును, కావాలంటే నడిపే తీరును కారులోని పరికరంతో కొలిచే బ్లాక్ బాక్స్ పాలసీ మీద, నడుపుతూ పాత కారును రెండో కారుగా ఉంచుకుని ఉంటే, క్లెయిమ్‌లు లేకపోతే ఐదేళ్ల బోనస్ చేతిలో ఉంటుంది. క్లాసిక్ కంపెనీ అడిగే ‘రోజువారీ కారు వేరుగా ఉందా’ అన్న షరతు కూడా తీరుతుంది. మొదటి ఏడాది రెండు ప్రీమియాలు బరువుగా అనిపిస్తాయి. కారు అమ్మేసి రెండేళ్లకు మించి బీమా లేకుండా ఉంటే మాత్రం చాలా కంపెనీలు ఆ బోనస్‌ను గుర్తించవు, లెక్క మళ్లీ మొదటి ఏడాది నుంచే మొదలవుతుంది.